ఏం చదివిండో నీకెరుక

దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివర జిరాక్స్ షాపు నడిపే అక్క, నా దరఖాస్తు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయకుండా ఒక్క కవరూ అంటించేది కాదు. భాషాశాస్త్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఏ విశ్వవిద్యాలయం ప్రకటన ఇచ్చినా నేను కాగితాలు పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళేవాణ్ణి. ఉద్యోగం రాకపోయినా, దరఖాస్తులు పెట్టడంలో అప్పటికే నేను ఆచార్యుణ్ణి.

"ప్రభువా, గీ తమ్మి ఏం చదివిండో నాకైతే సమజ్ కాలే, నీకెరుక. జర నౌకరి ఇప్పియ్యి" అనేది కళ్ళు మూసుకుని. మాది కొబ్బరికాయలు కొట్టే ఇల్లే అయినా, నేను చెప్పులు విడిచి నిలబడేవాణ్ణి.

ఒకసారి గడువు చివరి రోజున కాగితాలు ఆమె ముందు పడేశాను.

"ఈసారి ప్రార్థన వద్దక్కా. ఆ పోస్టు ఎవరికో ముందే ఖాయమైపోయిందట. దీన్నీ పంపాలో వద్దో తెలీడం లేదు. ఇక ఎక్కడా పెట్టను."

"ఎవలు చెప్పిన్రు?"

"అందరూ అంటున్నారు."

ఆమె ఎప్పటిలాగే కాగితాల మీద చెయ్యి పెట్టింది.

"ప్రభువా, ఆ నౌకరి వచ్చేటోళ్ళను సల్లగ చూడు. వాళ్ళింట్ల ఏం పరేషానుందో ఏమో. గీ తమ్మికి ఇంకోటి రాసే ఓపిక ఇయ్యి. ఆమెన్."

నా పోటీదారు చల్లగా ఉండాలనే ప్రార్థనకు ఆమెన్ అనడానికి నాకు కొంచెం టైము పట్టింది. అన్నాను. అన్నాక ఆమె దగ్గర పెన్ను అడిగి తీసుకుని, సర్టిఫికెట్ల నకళ్ళ మీద ఒక్కొక్కటిగా సంతకాలు పెట్టడం మొదలుపెట్టాను.