మెయిల్ ఐడి ఇస్తేనే రేపటి సముద్రం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ తేదీలతో సహా నా డైరీల్లో ఉన్నాయి. పెళ్ళిచూపులకని బయల్దేరి పక్కవీధిలో ఎవరింటికో వెళ్ళి, ఉప్మా తిని, అమ్మాయి నచ్చిందని చెప్పి వచ్చిన రోజు ఉంది. ఆఫీసరుగారి గొడుగు నాదే అనుకుని మూడు వర్షాకాలాలు వాడిన వైనం ఉంది. వాటికి మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా నవ్వుతారు, కాని మధ్యలో ఒకచోట నవ్వు గొంతులో ఆగుతుంది. ఐదుగురు మనుషుల్ని సముద్రం పాలు చేయబోయిన ఘనత ఇందులో ఉంది. నేను వాడిన ఆయుధం కంప్యూటరు. అప్పుడు నా వయసు అరవై రెండు. కుర్రతనం అని తప్పించుకునే దారి కూడా లేదు.

విశాఖ పోర్టులో నా ఉద్యోగమల్లా గాలి ఎటు వీస్తోంది, అల ఎంత లేస్తోంది, ఆటుపోట్లు ఎప్పుడు అని రాయడమే. ఆఫీసు పుస్తకంలో రాసింది చాలక, ఇంటికొచ్చి అదే మళ్ళీ నా డైరీలో రాసుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఆఫీసు పుస్తకం పోయింది గాని డైరీ పోలేదు. పొద్దునా సాయంత్రం బీచికి వెళ్ళి ముక్కు గాలికి పెట్టి నిలబడేవాణ్ణి. చూసినవాళ్ళు నాకు జలుబు అనుకునేవారు.

రెండువేల ఏడులో అందరూ తెలుగు బ్లాగులు మొదలుపెడుతున్నారని, స్టీల్ ప్లాంటులో పనిచేసే మా బావమరిది రమణ నాకూ ఒకటి పెట్టించాడు. రోజూ సాయంత్రం అందులో ఆనాటి గాలి రాసేవాణ్ణి. పాత డైరీలు తిరగేసి, ఇలాంటి రోజు తరవాత సముద్రం ఎలా మారిందో చూసి, రేపు ఎలా ఉండవచ్చో చెప్పేవాణ్ణి. రేడియోవాళ్ళు కోస్తా మొత్తానికి ఒకే మాట చెబుతారు. నాది మా ఊరి ఒడ్డుకు మాత్రమే.

పేజీ కింద ఒక చిన్న మీటరు ఉండేది. రోజుకు నలభై యాభైమంది వచ్చి వెళ్ళినట్టు చూపించేది. దాని పక్కనే ఒక పెట్టె. మెయిల్ ఐడి ఇస్తే నా రాతలు ఉత్తరాలుగా వస్తాయన్నమాట. ఆరు నెలలు గడిచాయి. ఐడి ఇచ్చినవారు ముగ్గురు. ఒకణ్ణి నేను. రెండోవాడు రమణ. మూడో మనిషి మా ఆవిడ సత్యవతి. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

యాభైమంది వచ్చి ఒక్కరూ పేరు చెప్పకుండా వెళ్ళిపోతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పెళ్ళిభోజనం పెట్టి, తిన్నవాళ్ళు ఎవరివైపు బంధువులో తెలియనట్టు ఉంటుంది. రమణతో మొర పెట్టుకున్నాను.

"బావా, ఊరికే దొరికేదానికి ఎవుడు పేరిత్తాడు? తలుపెట్టీ. ఐడి ఇచ్చినోడికే తియ్యి."

"తలుపేస్తే వెళ్ళిపోతారేమోరా."

"ఎక్కడికెల్తారు బావా? ఈ సముద్రం గురించి సెప్పేవోడు ఇంకోడున్నాడేటి?"

ఆ మాట నా తలకెక్కింది. కాఫీ తెచ్చిన సత్యవతి అంతా విని అంది:

"రేపు గాలెలాగుంటాదో సెప్పడానికి ఊరూ పేరూ అడుగుతారేటండీ? బస్సులో పక్కనోడు టైమెంతయిందంటే రేషన్ కార్డు సూపించమన్నట్టుంది."

"నీకు కంప్యూటర్ల గురించి తెలియదు," అన్నాను. ఈ వాక్యం కూడా డైరీలో ఉంది, తేదీతో సహా.

తలుపు వేశాం. పేజీ తెరవగానే దాన్నంతా కప్పేస్తూ ఒక గడి లేచి నిలబడేది. 'మీ మెయిల్ ఐడి ఇవ్వండి, రేపటి సముద్రం చూడండి.' మొదటి రోజే ఐదుగురు ఇచ్చారు! మర్నాడు ఏడుగురు! ఎర్ర పెన్సిలుతో గ్రాఫు గీశాను. ఒక్కొక్క ఐడినీ వరసగా డైరీలోకి ఎక్కించాను. గంగమ్మ తల్లి ఒకటి, గంగమ్మ తల్లి రెండు, సముద్ర రాణి, సముద్ర రాణి కొత్తది, జై హనుమాన్ తొమ్మిది... 'నా పాఠకులకు దైవభక్తి మెండు' అని పక్కన రాసుకున్నాను. ఒకే ఊళ్ళో తొమ్మిదిమంది హనుమంతులు నా బ్లాగు ఎందుకు చదువుతున్నారని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అంకెలు పెరుగుతున్నప్పుడు మనిషికి అనుమానాలు రావు.

రెండు వారాలకు మొత్తం డెబ్భై ఒకటి అయింది. రమణ కళ్ళు మెరిశాయి.

"ఇప్పుడింక బ్లాగులో మొత్తం రాసీకు బావా. ఊరించి వదిలీ. అసలు ముక్క ఉత్తరంలో పంపు. ఇంకా సేరతారు."

చలికాలం మొదలవుతున్న రోజులవి. మూడు రోజులుగా వీస్తున్న గాలి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. చూసినవాళ్ళంతా ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. నేను ఇంటికెళ్ళి పాత డైరీలు తీశాను. అలాంటి మధ్యాహ్నాల తరవాత మర్నాడు ఏం జరిగిందో నా డైరీల్లో ఉంది. తెల్లవారేసరికి ఈశాన్యం నుంచి గాలి విరుచుకుపడింది, ఇంచుమించు ప్రతిసారీ.

నేనేం చేశానో చెబుతాను, వినండి. బ్లాగులో ఇలా రాశాను: 'రేపటి సముద్రం గురించి చాలా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఐడి ఇచ్చినవారికి ఉత్తరంలో పంపాను. మీరూ చేరండి.' ఉత్తరంలో ఇలా రాశాను: 'రేపు చేపల వేటకు వెళ్ళకండి.'

పంపిన పది నిమిషాలకు ఉత్తరాలు తిరిగి రావడం మొదలైంది. ఒకటి, నాలుగు, ఇరవై. పద్ధతైన మనిషిని కదా, ఏది ఎన్ని గంటలకు వచ్చిందో డైరీలో రాశాను. చివర ఇలా ముగించాను: 'పంపినవి డెబ్భై ఒకటి. తిరిగి వచ్చినవి అరవై ఎనిమిది. కారణం రేపు కనుక్కోవాలి.' తరవాత భోంచేసి పడుకున్నాను.

తెల్లవారాక కిటికీ రెక్కలు ధడేలుమన్నాయి. నేను మంచం మీంచి ఎగిరి గంతేశాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, అది సంతోషం.

"చూశావా సత్యవతీ! నేను చెప్పినట్టే వచ్చింది!"

ఆవిడ కిటికీ గడియ పెడుతూ నావైపు తిరిగింది.

"ఎవులికి సెప్పారండీ?"

లెక్క వేశాను. డెబ్భై ఒకటిలో అరవై ఎనిమిది తీసేస్తే మూడు. నేను, రమణ, ఎదురుగా నిలబడ్డ ఈవిడ.

ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బరుకు పరిగెత్తాను. వేలం పాటలు వినపడాల్సిన వేళ అక్కడ ఎవరూ పాడడం లేదు. ఆడవాళ్ళు చెవుల మీంచి కొంగులు కప్పుకుని సముద్రంవైపు చూస్తున్నారు. వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయట. యర్రయ్య అనే అతని బోటు మాత్రం రాలేదు. అందులో ఐదుగురు.

ఐస్ ప్లాంటు పక్కన నెట్ సెంటరు నడిపే లక్ష్మి అనే అమ్మాయి బయట నిలబడి ఉంది. నేనెవరో చెప్పాను.

"డైరీ బాబు గోరు మీరేనేటి?" అంది, ఎగాదిగా చూస్తూ. "రోజూ సాయంత్రం మీ పేజీ నానే తీత్తానండి. ఒక్కో బోటు డ్రైవరొచ్చి సదవమంటాడు. ఎవులొత్తే ఆలకి మళ్ళీ తీత్తాను. రెండు వారాల్నుంచి అదేదో ఐడి అడుగుతంది, ఒకటి కొడితే కాసేపు ఊరుకుని మళ్ళీ అడుగుతంది. ఈలకి మెయిలేటండీ? బోటు పేరు కొట్టి నోపలికెల్లిపోతన్నాను. గంగమ్మ తల్లి అయిపోతే గంగమ్మ తల్లి రెండు."

నా నలభై యాభైమంది పాఠకులను ఆ పూట మొదటిసారి చూశాను. స్పేస్ బటన్ ఊడిపోయిన ఒకే ఒక కంప్యూటరు.

"మరి నిన్న?"

"నిన్న ఉత్తరంలో ముఖ్యమైన మాటుందని రాసేరు కదండీ. లేని ఐడికి ఉత్తరమెలాగొత్తాది? యర్రయ్య బావకదే సెప్పేను. నవ్వేడు. 'ముఖ్యమైందైతే అరిసి సెప్తాడు గానీ, మూటకట్టి దాస్తాడేటే ఆ పెద్దమనిషి? ఏటీ లేదులే' అన్నాడు. ఎల్లిపోయేడు."

యర్రయ్య భార్య పోలమ్మ అక్కడే ఉంది. నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఏటి రాసేరు బాబూ ఆ ఉత్తరంలో?"

"రేపు వెళ్ళొద్దని."

ఆమె సముద్రంవైపు ఒకసారి చూసి నావైపు తిరిగింది.

"ఈ రెండు ముక్కలు సెప్పడానికి పేరెందుకు బాబూ?"

నా డైరీలు ఇప్పుడు రెండు బీరువాలు నిండాయి. అన్నిటిలోనూ ఖాళీగా ఉన్న పేజీలు ఆ రోజువీ, ఆ మర్నాటివీ మాత్రమే.

మూడో రోజు భీమిలి నుంచి కబురొచ్చింది. బోటు తిరగబడింది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని తేలుతున్న ఐదుగురినీ అటు వెళ్ళిన మరో బోటువాళ్ళు లాగారు. ఐదుగురూ బతికారు. బోటు దొరకలేదు. తాడు బిగుసుకుని యర్రయ్య కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

ఆ రోజే తలుపు పీకేయించాను. వారం తరవాత యర్రయ్య ఇంటికి వెళ్ళాను. కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. తప్పంతా నాదేనని చెప్పి తలవంచుకున్నాను.

"అవును, మీదే," అన్నాడు. అలా అంటాడనుకోలేదు. కాదులే బాబూ అంటాడని ఆటోలో వస్తూ ఆశపడ్డ మాట మీకు మాత్రమే చెబుతున్నాను. తరవాత అతనే అడిగాడు:

"ఇంతకీ నా ఐడి కావాలన్నారంట. రాసుకుంటారేటి?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా చెయ్యి దానంతటదే జేబులోంచి డైరీ తీసింది. పెన్ను మూత కూడా ఊడదీసింది.

"యర్రయ్య, ఐస్ ప్లాంటు గోడ. అక్కడ రాసీండి, నాకు సేరిపోతాది."

రాసుకున్నాను. ఆ రోజు లెక్క చూడండి. అడిగింది ఒకరిని, ఇచ్చింది ఒకరు. నూటికి నూరు! రమణ కలలో కూడా చూడని అంకె.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు సుద్దముక్క పట్టుకుని ఆ గోడ దగ్గరకు వెళ్ళాను. మోకాళ్ళు మొరాయించేదాకా వెళ్ళాను. యర్రయ్య మళ్ళీ బోటెక్కలేదు. వల అల్లాలన్నా వేళ్ళు కావాలి. నేను గోడ మీద రాస్తుంటే నా వెనక నిలబడి, లక్ష్మి చదివి చెప్పిన ముక్కను జెట్టీ చివరిదాకా వినపడేలా అరిచేవాడు. రోజూ ముందుగా ఒక మాట కలిపేవాడు, నావైపు చూసి మరీ:

"ఒరే, ఊరికే సెప్తన్నారంట, ఇనండి!"

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, రెండు బీరువాల డైరీల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట బస్సులో పక్కనున్న మనిషి టైమెంతయిందని అడిగితే, ముందు టైము చెబుతాను. పేరు వాళ్ళకు ఇష్టమైతే చెబుతారు. రేషన్ కార్డు మాత్రం చచ్చినా అడగను.