ఆర్డిస్ బకెట్‌కు పళ్లు

ఆర్డిస్ కోబర్న్ ఇరవై ఏడేళ్లు స్కూలు బస్సు నడిపింది. వెర్మాంట్ కొండదారుల్లో జనవరి మంచు అయినా, ఏప్రిల్ బురదయినా, ఆమె బస్సు ఏడూ ఇరవైకల్లా మలుపు దగ్గరికి వచ్చేది. ఆ వేళకు అక్కడ లేని పిల్లల కోసం ఆగేది కాదు. తల్లులు పోట్లాటకు వస్తే, "మీ ఇంట్లో గడియారం లేదా?" అని అడిగి తలుపు మూసేసేది. ఊళ్లో ఆమెను ఇష్టపడేవాళ్లు తక్కువ. కానీ అన్నేళ్లలో ఆ బస్సు ఒక్కసారి కూడా గుంటలోకి దిగలేదని వాళ్లు కూడా ఒప్పుకునేవారు.

తండ్రి పోతూ పొలాన్ని ఇద్దరు పిల్లలకూ పంచాడు. మెరక భాగం, పాత గొర్రెల కొట్టం ఆర్డిస్‌కు. పల్లపు భాగం, ఇల్లు, ట్రాక్టరు తమ్ముడు మెరిల్‌కు. ట్రాక్టరు ఆడపిల్లలది కాదని ఆయన అభిప్రాయం. పది టన్నుల బస్సును నడిపే కూతురి ముందే ఆ మాట అనేవాడు. ఆర్డిస్ ఆ మాట మరిచిపోలేదు. ఉద్యోగం మానేసిన ఏడాదే, ముందు మట్టి తవ్వి ఎత్తే బకెట్ ఉన్న చిన్న ట్రాక్టరు ఒకటి పాతది చూసి కొనుక్కుంది.

అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు తగ్గి చాలా కాలమైంది. ఆ ఏడాది వసంతంలో అవి తిట్లయ్యాయి. మెరక మీద కురిసిన నీళ్లు ఆమె కొట్టం పక్కన కాలువలో పారి, మెరిల్ ఇంటి దారి కింద తండ్రి వేసిన తూములోంచి పల్లానికి పోవాలి. అవి పోవడం మానేశాయి. వెనక్కి తన్ని కొట్టంలోకి వచ్చాయి. తడి గడ్డి మీద పుట్టిన గొర్రెపిల్లలు మూడు వారం తిరగకుండానే చచ్చిపోయాయి. ఆర్డిస్ మూడింటినీ తనే పూడ్చి, అవే బూట్లతో తమ్ముడి గుమ్మం ముందుకు వెళ్లింది.

"తూము నాన్న కాలం నాటిదక్కా. లోపల కూలిపోయింది. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు మెరిల్.

"తవ్వి చూశావా?"

"చూడక్కర్లా. నాకు తెలుసు."

వేసవంతా ఆమె కాలువ తవ్వాలని చూసింది. పూడిక మట్టి రాయిలా బిగిసిపోయింది. బకెట్ నున్నటి అంచు దాని మీద జారిపోవడమే తప్ప దిగలేదు. ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచేవి. మెరిల్ తన వరండాలో కూర్చుని అది చూసి నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకు వినిపించేది.

అక్టోబరులో, నేల గడ్డకట్టేలోపు పని తేల్చాలని, బకెట్ అంచుకు తొడిగి బోల్టులతో బిగించే పళ్ల పట్టీ చేయించాలనుకుంది. విడిభాగాల కొట్లో మనిషి ఆ మోడల్‌కు యాభై నాలుగు అంగుళాలు సరిపోతుందన్నాడు. ఆమె నమ్మలేదు. ఇంటికొచ్చి టేపు పెట్టి మూడుచోట్ల కొలిచింది. పాత బకెట్ పక్కలు లోపలికి వంగి ఉన్నాయి. యాభై మూడుంబావే వచ్చింది. ఆ కొలత కాగితం మీద రాసి పక్క ఊరి వెల్డరుకిచ్చింది. అతను ఏడు పళ్ల పట్టీ చేసి ఇచ్చాడు.

శనివారం పొద్దున బకెట్‌ను చెక్కదిమ్మెల మీదికి దించి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని పని మొదలుపెట్టింది. పట్టీ బరువుకు నడుం పట్టేసింది. ఒక కొస ఎత్తి ఆనించి, తరవాత రెండో కొస ఎత్తింది. సుత్తితో కొడితే సగం దూరం వెళ్లి ఆగిపోయింది. మూలల్లో పాత వెల్డింగు గడ్డలు అడ్డం. పట్టీ మళ్లీ ఊడదీసి, గ్రైండరుతో ఆ గడ్డలను అరగదీసింది.

గ్రైండరు చప్పుడుకు మెరిల్ కాఫీ కప్పుతో కంచె దగ్గరికొచ్చాడు.

"ఏంటక్కా, బకెట్‌కి కట్టుడు పళ్లు పెట్టిస్తున్నావా?"

"నీ నోట్లోవాటికన్నా గట్టివే."

"ఆ పక్క రేకుకి చిల్లు పెట్టావంటే బకెట్ పనైపోయినట్టే. ఒక్క రాయి తగిలితే నిలువునా చీలుద్ది."

"చీలితే ఏడ్చేది నేను. నువ్వు కాఫీ తాగు."

"నాన్నే ఉంటే నీ చేతిలోంచి ఆ డ్రిల్లు లాక్కునేవాడు."

"అందుకే ఆయన పోయాక కొన్నాను."

పట్టీ ఈసారి అంచుకు అతుక్కుని కూర్చుంది. దాని కొసన ఉన్న చిల్లులోంచి రేకు మీద గుర్తు పెట్టి, ముందు సన్నటి చిల్లు వేసింది. తరవాత నూనె చుక్కలు వేస్తూ పెద్ద బిట్టుతో వెడల్పు చేయబోయింది. అవతలికి దిగబోయే క్షణంలో బిట్టు రేకులో ఇరుక్కుని డ్రిల్లంతా గిర్రున తిరిగింది. ఆమె మణికట్టు మెలిపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెప్పానా?" అన్నాడు మెరిల్ తీరిగ్గా.

ఆర్డిస్ జేబురుమాలు మణికట్టుకు చుట్టి, కొస పళ్లతో పట్టి ముడి లాగింది. డ్రిల్లు పిడిని తొడకు ఆనించి, ఈసారి కొంచెం కొంచెంగా దింపింది. ఒక పక్క అయింది. రెండో పక్కా అయింది. బోల్టులు ఎక్కించి, పొడుగాటి రెంచితో ఎడమచేత్తో బిగించేసరికి మెరిల్ కాఫీ అయిపోయింది. అతను వెళ్లిపోవడం ఆమె చూడలేదు, చూడాలనుకోలేదు కూడా.

మర్నాడు పళ్లు మట్టిలోకి దిగాయి. వేసవంతా లొంగని నేల పెళ్లలు పెళ్లలుగా లేచింది. మధ్యాహ్నానికల్లా తన హద్దులోనే ఉన్న తూము నోటిదాకా వచ్చింది. దిగి పారతో మట్టి తప్పించి చూసింది. తూము కూలలేదు. గుండ్రంగా, పెంకు కూడా పోకుండా ఉంది. దాని నోట్లో రాళ్లు నింపిన గోనెసంచులు కుక్కి ఉన్నాయి. సంచుల మీద పశువుల దాణా ముద్ర. ఆ రోడ్డు మీద గొడ్లున్నది ఒక్క మెరిల్‌కే. పల్లంలో అతను నిరుడే కొత్త షెడ్డు కట్టుకున్నాడు, సరిగ్గా నీళ్లు పోయే దారిలో.

ఆర్డిస్ సంచులన్నీ లాగి బకెట్‌లో వేసుకుంది. రోడ్డెక్కి, తమ్ముడి ఇంటి ముందుకెళ్లి, అతని పికప్ బండి ముందు కుమ్మరించింది. చప్పుడుకు మెరిల్, వెనకాలే అతని భార్య నడీన్ బయటికొచ్చారు.

"నీకు పిచ్చి పట్టిందా?" అని అరిచాడు మెరిల్.

"నీ సొమ్ము నీకు తెచ్చిచ్చాను. మూడు పిల్లలు చచ్చాయిరా. చేతులారా చంపావు."

"ఎవరో ఆకతాయిలు..."

"ఆకతాయిలు నీ దాణా కొట్లోంచి సంచులు మోసుకొచ్చి నీ షెడ్డుని కాపాడారా?"

నడీన్ మెట్లు దిగి వచ్చి, ఒక సంచిని కాలితో తిప్పి చూసింది. "తూము కూలిందని నాకు కూడా చెప్పావు," అంది మొగుడితో. "ఆ గొర్రెపిల్లలు చచ్చినప్పుడు మీ అక్క చేతకానిదని భోజనం దగ్గర నవ్వావు. నేనూ నవ్వాను."

మెరిల్ ముఖం ఎర్రబడింది. "నువ్వు లోపలికి పో," అన్నాడు.

ఆమె పోలేదు. ఆర్డిస్ ట్రాక్టరు తిప్పుకుని వచ్చేసింది.

శుక్రవారం రోజంతా వాన. నీళ్లు తూములోంచి దూకి పల్లానికి పరిగెత్తాయి. సాయంత్రానికి మెరిల్ షెడ్డులో మోకాల్లోతు నిలిచాయి. తడిసి ముద్దై అతను కంచె దగ్గరికొచ్చాడు.

"అక్కా, రెండ్రోజులు ఆ తూముకి ఏదైనా అడ్డం పెట్టు. షెడ్డులో గడ్డి మొత్తం తడిసిపోతోంది."

"పెట్టను."

"తోడబుట్టినవాణ్ణి కదే!"

"కొట్టంలో నీళ్లొచ్చినప్పుడు కూడా తోడబుట్టినవాడివే."

అతను నాలుగు రోజులు పారతో షెడ్డు చుట్టూ కాలువ తవ్వుకున్నాడు. ఆర్డిస్ వంటింటి కిటికీలోంచి చూసింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. టీ కాచుకుని తాగింది. మార్చిలో ఊరి సభకు ఇద్దరూ వచ్చి, చెరో గోడ పక్కన కూర్చున్నారు.

ఆ వసంతంలో కొట్టం నేల పొడిగా ఉంది. పదకొండు పిల్లలు పుట్టాయి, పదకొండూ నిలిచాయి. ఒక మధ్యాహ్నం నడీన్ రోడ్డెంట నడిచొచ్చి గేటు దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం, అందులో యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'యాపిల్ పై'.

"పిల్లల్ని చూసి పోదామని వచ్చాను," అంది.

"వాడికి చెప్పి వచ్చావా?"

"లేదు."

"చెప్పి రా. చాటుగా వచ్చేవాళ్లని ఈ గేటు దాటనివ్వను."

నడీన్ యాపిల్ పైని గేటు స్తంభం మీద పెట్టి వెళ్లిపోయింది. ఆర్డిస్ దాన్ని లోపలికి తీసుకెళ్లలేదు, పారెయ్యనూ లేదు. గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది.