రాజుబాయి కదలనివ్వని కాలు

మహారాష్ట్ర సరిహద్దు ఊరు అంకిసలో రాజుబాయి మొండితనం అందరూ ఎరిగిందే. 1986 ఎండాకాలంలో ఆమె మగడు రాయమల్లు కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి జారి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టే శంకరన్న తొడ దాకా వెదురు బద్దలు వేసి, నలభై రోజులు కదలకూడదన్నాడు. రాజుబాయికి నలభై చాలలేదు. తొందరపడి నడిచిన ఒకాయన కాలు వంకరగా అతుక్కోవడం ఆమె కళ్లారా చూసింది. వంకర కాలితో చెట్టెక్కేదెట్లా? మళ్లీ గీత మొదలయ్యే చలికాలం నాటికి ఎక్కకపోతే అతని చెట్లు ఇంకొకరికి పోతాయి. అందుకే బద్దలు విప్పడానికి వచ్చిన శంకరన్నను రెండుసార్లు బతిమాలి, కసిరి, వెనక్కి పంపింది.

మంచంలోనే అన్నం, మంచంలోనే స్నానం. అతడు కాలి వేళ్లు కదిపినా కళ్లెర్రజేసేది. మగణ్ని చంటిపిల్లాడిలా చూసుకుంటోందని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే మురిసిపోయింది, పిచ్చిది.

నాలుగు నెలలకు కట్టు విప్పారు. ఎముక చక్కగా అతికింది. కండ మాత్రం లేదు. ఒకప్పుడు రాయిలా ఉండే పిక్క ఆమె గుప్పిట్లో ఇమిడిపోయింది. నిలబెట్టగానే రాయమల్లు కుప్పకూలాడు.

ఎడ్లబండిలో సిరొంచ ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి మరాఠీ డాక్టరు వచ్చీరాని తెలుగులో ఓపికగా చెప్పాడు. కండలోని ప్రతి కణంలో జన్యువులు ఉంటాయట. మాంసం ఎప్పుడు, ఎంత తయారుకావాలో చెప్పేవి అవే. కండ బరువు మోస్తుంటే ఆ పని జోరుగా సాగుతుంది. ఊరికే పడి ఉంటే ఆ జన్యువులు మందగిస్తాయి, ఉన్న మాంసం కరిగిపోవడం ఎక్కువవుతుంది. ఎంత తిండి పెట్టినా ఒక్క తిండితో అది ఆగదు. ఎన్నాళ్లు కదలనివ్వలేదని ఆయన అడిగాడు. నాలుగు నెలలంది రాజుబాయి. మళ్లీ చెట్టెక్కగలడా అంటే ఆయన మాట ఇవ్వలేదు. రోజూ తనంతట తానే లేవాలి, ఎవరూ ఎత్తకూడదు అన్నాడు.

మర్నాడు పొద్దున గోడ పట్టుకుని లేవబోయి రాయమల్లు నేలమీద పడ్డాడు.

"జర లేపే" అన్నాడు.

"నీ కాలు ఎండవెట్టింది నేనే" అంది రాజుబాయి. "ఇగ నేను ముట్ట. నువ్వే లెవ్వు."

అతడు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ ఏడుపు వినలేదు. చేతులు రెండూ చంకల్లో బిగించుకుని గడప మీద కూర్చుంది, తనూ వెక్కివెక్కి ఏడ్చింది. అతడు మళ్లీ పిలిచాడు. ఆమె పోలేదు.