వసంతత్త కిటికీలో వంకాయ పువ్వు

మా చిన్నప్పుడు... పొద్దున్నే పాలపాకెట్టు తెచ్చే వంకతో పక్కింటి కిటికీ ముందు ఆగేదాన్ని. ఆగింది పాల కోసం కాదు... కుళ్ళుతో.

తిరుపతిలో మాది వరుస ఇళ్ళలో ఒక పోర్షన్. పక్క పోర్షన్ వసంతత్తది. చుట్టం కాదు, అయినా అత్తా అనే పిలిచేదాన్ని. వాళ్ళాయనకి తిరుమలలో ఉద్యోగం. ఆమె చెల్లెలు బెంగళూరు నుంచి ఒక చిన్న కుండీ తెచ్చిచ్చింది. ఆఫ్రికన్ వయొలెట్ అట. అరచేతంత మొక్క, నూగునూగుగా ఆకులు, మధ్యలో గుత్తిగా ఊదా పూలు... ఇంటి లోపలే పూసే మొక్క మా వీధిలో అదే మొదటిది. చూడ్డానికొచ్చినవాళ్ళంతా మా గడప దాటుకునే వెళ్ళేవాళ్ళు.

మా అమ్మకి కళ్ళు కుట్టాయి. "వంకాయ పువ్వు మాదిరి ఉండాది. దాన్ని సూసేదానికి ఇంత జనమా" అనింది. నిజమే... ఆ రంగూ, మధ్యలో పసుపు చుక్కా అచ్చం వంకాయ పువ్వే. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు అదే. పేరైతే తగ్గించాం గానీ కుళ్ళు తగ్గలేదు.

చివరికి అమ్మే వెళ్ళి అంటు అడిగింది. వసంతత్త కాడతో సహా ఒక ఆకు తుంచి, తడి ఇసుకలో గుచ్చమని ఇచ్చింది. పూలు ఆమెకి, ఆకు మనకా అని అమ్మ ఇంటికొచ్చి గొణిగింది... గొణుగుతూనే గుచ్చింది. కొన్నాళ్ళకి ఆకు మొదట్లో చిట్టి చిట్టి పిలకలు లేచాయి. వాటిలో ఒకదాన్ని పిడి విరిగిన పింగాణీ కప్పులో నాటింది.

వరలక్ష్మీ వ్రతానికి వాయనం తీసుకోవడానికొచ్చే ఆడవాళ్ళంతా మా ఇంట్లో ఆ పూలు చూడాలి... అమ్మ పంతమల్లా అదొక్కటే. అంత పంతం పట్టిన మనిషి మొక్కని ఎక్కడ పెట్టిందనుకున్నారు? లోపలి గదిలో, బియ్యం డబ్బా వెనక! బయట పెడితే వసంతత్త దిష్టి తగులుతుందట. పైగా శుక్రవారం శుక్రవారం ఆకుల మీద పసుపు నీళ్ళు చల్లేది. ఆకులు మచ్చలు పడి పాలిపోయాయి, కాడలు మాత్రం సాగాయి. మొగ్గ జాడ లేదు. మా నాయన చూసి, పప్పులోకన్నా పనికొస్తుందా అని అడిగి అమ్మ చేత తిట్లు తిన్నాడు.

వ్రతం వచ్చింది, పోయింది. ఆడవాళ్ళు మా ఇంట్లో తాంబూలం తీసుకుని, పక్కింటికెళ్ళి పూలు చూశారు. నాకైతే ఏడుపే వచ్చింది.

అప్పటి నుంచి నేను గూఢచారినయ్యాను. వసంతత్త నీళ్ళు ఆకుల మీద పోయదు, కుండీ కింది పళ్ళెంలో పోస్తుంది. పల్చటి తెర వెనక, పొద్దుటి వెలుతురు తగిలేలా పెడుతుంది. వాడిన పూల కాడలు గిల్లేస్తుంది. అప్పుడప్పుడూ కుండీని కొంచెం తిప్పుతుంది. అన్నీ అమ్మకి చేరవేశాను. నీళ్ళ సంగతి వినింది, కిటికీ సంగతి మాత్రం వినలేదు. మనకి పూయని ఆకు చూసి ఇచ్చి ఉంటుందిలే అని తేల్చేసింది.

ఆ తర్వాత ఎండాకాలం సెలవులకి బంగారుపాళ్యంలో అమ్మమ్మ వాళ్ళ మామిడితోటకి వెళ్ళాలి. మొక్కకి నీళ్ళు ఎవరు పోస్తారు? వసంతత్త తప్ప దిక్కు లేదు. అమ్మ కప్పు మీద కొంగు కప్పి తీసుకెళ్ళి, మనసు రాక రాక ఇచ్చి వచ్చింది.

మామిడిపళ్ళ బుట్టతో తిరిగొచ్చేసరికి... వసంతత్త కిటికీలో రెండు మొక్కలూ పక్కపక్కన ఉన్నాయి. మా కప్పు నిండా పూలు. మా మొక్క... వాళ్ళింట్లో పూసింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"వెలుతురు లేక అల్లాడిపోయినట్టుండాది పద్మా. ఇన్నాళ్ళూ యాడ పెట్టినావు?" అని అమ్మని అడిగింది వసంతత్త.

నీ కన్ను పడకుండా దాచానని అమ్మ ఎలా చెబుతుంది? "దేవుని గదిలో" అనింది. మాకు దేవుని గదే లేదని, గోడకి నాలుగు పటాలే ఉన్నాయని వసంతత్తకి బాగా తెలుసు. కప్పుని అందిస్తూ మా పూలకేసి ఇంకోసారి చూసింది.

"అదేందో... నీ దాంట్లో పూలే పెద్దవి. నాది ఎప్పుడూ ఇట్ట పుయ్యలేదు."

ఆ గొంతులో కుళ్ళు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో రోజూ వినేదే. అమ్మ కూడా గుర్తుపట్టింది. కప్పుని ఈసారి కొంగు కప్పకుండా తెచ్చి, వీధిలోకి కనబడేలా కిటికీలో పెట్టింది. బుట్టలో మంచి పళ్ళన్నీ ఏరి వసంతత్తకి పంపింది. అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను పండగల్లో కూడా చూడలేదు.

ఇప్పుడు నా ఫ్లాట్లో తెలుపు, గులాబీ, ఊదా... అన్ని రంగులూ పూస్తున్నాయి. మొన్న అమ్మ వచ్చి చాలాసేపు చూసి, "బాగుండాయి. ఎవురన్నా వచ్చి సూస్తారా?" అని అడిగింది.

ఎవరూ రారు. పక్క ఫ్లాట్లో ఎవరుంటారో కూడా నాకు తెలియదు. ఇక్కడ గ్రూపులో ఫోటో పెడితే మీరంతా బాగున్నాయంటారు... ఒక్కరికీ కళ్ళు కుట్టవు.

మీరు పక్కింట్లో దేన్ని చూసి కుళ్ళుకునేవారో చెప్పండి... మర్యాదకి దాచొద్దు. కుళ్ళుకోవడానికైనా అప్పట్లో పక్కింటి తలుపు తెరిచి ఉండేది.