మిరపకాయల కింద మా సార్లు

ఒక్క వాక్యంలో చెప్పాల్సిన సంగతిని ఆరడుగుల ఫ్లెక్సీ కింద సమాధి చేసి, ఆ సమాధికి పూలు కూడా వేయించిన మహామేధావిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి. నేనే.

అప్పట్లో నరసరావుపేటలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం, గర్వం మాత్రం పర్మనెంటు. గుంటూరు సదస్సులో నా పరిశోధన పోస్టరుకు బహుమతి వస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని కాలేజీ కరస్పాండెంటు మాటిచ్చారు. నేను తేల్చింది చిన్న విషయం: మిరపకాయల్ని నేల మీద కాక టార్పాలిన్ పట్ట మీద ఆరబోస్తే బూజు తగ్గుతుంది. ఆ ముక్క పెద్దక్షరాల్లో రాసి, పక్కన రెండు బొమ్మలు పెడితే ఎవరికైనా అర్థమయ్యేది. అందరికీ అర్థమైతే ఇక నా గొప్పేముంది?

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి వినే ఉంటారు. నేను ఎలుకను పట్టి, దాని మీద కొండను పోశాను. ప్రతి కల్లం లెక్కా దశాంశాలతో సహా, చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్కించాను. ఒక్క అంకె వదలమంటే ప్రాణం వదలమన్నట్టుండేది.

ఫ్లెక్సీలు కొట్టే శ్రీను కంప్యూటర్ తెర చూసి తల గోక్కున్నాడు.

"ఏందక్కా ఇది? ఓటర్ల లిస్టా?"

"సైన్సురా. నీకర్థం కాదులే."

"సరే, మనుషులేరి? ఫోటో లేని ఫ్లెక్సీ మన పేటలో నేనింతవరకు కొట్టలా. మీ గైడు సారునన్నా ఏస్తా."

గైడును వేస్తే ప్రిన్సిపాల్ అలగరూ? ప్రిన్సిపాల్‌ను వేస్తే, ఉద్యోగమిచ్చే కరస్పాండెంటును వదిలేస్తామా?

"ఆయన్ని నడిమధ్య, కాస్త పెద్దగా వెయ్యి," అన్నాను. సైన్సు మనిషిని కదా, కొలతలు కూడా చెప్పాను.

"చేతులు జోడించిన ఫోటో ఉందక్కా. చుట్టూ పూలేస్తే అదిరిపోద్ది."

"వెయ్యి."

పై సగంలో ముగ్గురు సార్లూ పెళ్లిపందిట్లో వియ్యంకుల్లా వెలిగిపోయారు. మిరపకాయ తపాలా బిళ్ళంతై మూలన నక్కింది.

సదస్సు రోజు పొద్దున్నే ఫ్లెక్సీని అక్కడి కార్యకర్తకు అప్పగించి, దర్జాగా టిఫినుకు వెళ్లాను. వచ్చేసరికి నా బోర్డు బోడిగా ఉంది. న్యాయనిర్ణేత నా పేరెదురుగా 'గైర్హాజరు' అని రాసేస్తున్నారు.

"నా పోస్టరేదయ్యా?" అని కార్యకర్త మీద విరుచుకుపడ్డాను.

"పోస్టరా? మీరిచ్చింది స్వాగతం ఫ్లెక్సీ కదా మేడమ్! గేటుకు కట్టేశాం. చానా నిండుగా ఉంది."

పరుగెత్తాను. గేటు మీద మా కరస్పాండెంటు వచ్చేపోయేవాళ్లందరికీ నమస్కారం పెడుతున్నారు. వెనకే వచ్చిన న్యాయనిర్ణేత మెడ ఎత్తి, కళ్లజోడు సవరించుకుని, నా దశాంశాల కేసి చూశారు.

"అవి చందాలిచ్చినవాళ్ల పేర్లా అమ్మా?"

బహుమతి పోయింది. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. "ఫోటో మాత్రం బాగా వచ్చిందమ్మా," అని కరస్పాండెంటు నన్ను ఓదార్చారు.

ఫ్లెక్సీని వెల్దుర్తిలో మిరప పండించే మా బాబాయి పట్టుకుపోయాడు. ఎప్పుడూ నేల మీదే కాయలు పోసే ఆయన, ఆ ఏడాది కల్లంలో దాన్ని పరిచి ఆరబోశాడు. వెళ్లి చూస్తే సార్లు ముగ్గురూ మిరపకాయల కింద నుంచి నవ్వుతున్నారు.

"ఏమే, నీ పట్ట చానా మంచిదే. ఒక్క కాయకీ బూజు పట్టలా!"

"అదే బాబాయ్, నేను కనిపెట్టింది!"

"మరి ఆ ముక్క దీని మీద రాయొచ్చుగా?"

అందుకని, ఆ ముగ్గురు సార్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పోస్టరైనా అసలు మాటే, అదీ పెద్దక్షరాల్లోనే. రేపు నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద కూడా 'పోయింది' అని రాసి, కింద తారీఖు వేస్తే చాలు. శ్రీనూ, వింటున్నావా? పూలొద్దు.