మా పెద్దకోడలి తొంభై సెకన్లు

మా పెద్దకోడలి తొలి విజయం, మూడోసారి రాసి, ఉత్తరాలను ఊళ్లవారీగా గూళ్లలో వేసే తపాలా సార్టింగ్ పరీక్ష నెగ్గడం. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లలో ఒక్క ఉత్తరాన్నీ తప్పు గూటిలో వేయలేదు; ప్రశంసాపత్రాలు రెండు. కవరును ఎడమ బొటనవేలితో కొద్దిగా వంచి చదువుతుంది, అనుమానం వస్తే పక్కన పెడుతుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు పట్టుకున్నాక, మెదడు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిపించుకు రమ్మన్నారు తపాలా ఆఫీసువాళ్లు. నెమ్మదించిందని తేలితే ఇక గూళ్ల దగ్గరికి రానివ్వరు.

ఆసుపత్రిలో పరీక్ష పెట్టే అమ్మాయి గుర్తుల కాగితం ఇచ్చింది. ఏ గుర్తుకు ఏ అంకో పైన ఉంటుంది. కింద వరుసలు చూసి తొంభై సెకన్లలో ఎన్ని అంకెలు సరిగ్గా చెబితే అన్ని మార్కులు. కోడలు మూడో వరుసలో ఆగిపోయింది.

"ఆగారేమ్మా? చెప్పండి."

"ఈ గుర్తు సగం చెరిగిపోయిందండీ. రెండు అంకెదో, ఏడు అంకెదో తెలియట్లేదు."

"ఏదో ఒకటి చెప్పెయ్యండి, టైమైపోతోంది!"

"ఏదో ఒకటంటే ఎలా? ఒకరి ఉత్తరం ఇంకొకరింటికి పోదూ?"

"ఇక్కడ ఉత్తరాలెక్కడున్నాయమ్మా!"

గడియారం మోగింది. ఎనిమిదేళ్లుగా అదే కాగితానికి నకళ్లు తీస్తున్నారట. ఆ లోపం పట్టుకున్న మొదటి రోగి మా కోడలే. ఆ అమ్మాయి ఎంతో మెచ్చుకుని, ఫారంలో "నెమ్మది" అని రాసింది. వెంటనే మళ్లీ పెడితే జవాబులు గుర్తుండిపోతాయని నియమం అడ్డొచ్చింది. మళ్లీ పరీక్ష పెట్టేవరకూ కోడలిని ఆఫీసులో స్టాంపులమ్మే కిటికీ దగ్గర కూర్చోమన్నారు. శుభ్రమైన కాగితంతో పరీక్షకు తిరిగి రావలసిన తేదీ, నవంబరు పదకొండు.