సుదర్శనం సేటుకు చెప్పిన రంగులు

ఈ పొద్దున మొయినాబాద్‌లో ఫోటోలు తీయడానికి చీరల కట్ట విప్పగానే గది నిండా గంజి వాసన కమ్ముకుంది. కొత్త నేతచీర మొదటి మడత విప్పినప్పుడు మాత్రమే వచ్చే పచ్చి వాసన అది. అది తగిలితే చాలు, సుదర్శనం సేటు నా వెనక కుర్చీ లాక్కొని కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన పోయి కొన్నేళ్లయింది. మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. చేవెళ్లలో బస్సులు ఆగేచోట, బట్టల దుకాణాల వరుస చివర ఆయన ఫోటో స్టూడియో ఉండేది. అన్నదమ్ములందరూ తాతలనాటి బట్టల వ్యాపారం చేస్తుంటే ఆయనొక్కరే కెమెరా పట్టారు. "వాండ్లు బట్ట కొలిచి అమ్ముతరు, నేను వెలుతురు కొలిచి అమ్ముత, గంతే ఫరకు" అనేవారు.

మాది ఆ పక్కనే ఉన్న చిన్న ఊరు ప్రొద్దుటూరు. అమ్మానాన్నలు కూలి చేసుకుంటూనే చర్చిలో ఏ ఆరాధనా తప్పని మనుషులు. సంఘంలో పాటల కాగితాలు టైపు చేస్తూ నేను కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ చేతితోనే సేటు దగ్గర పనికి కుదిరాను. మొదటిరోజే చెప్పేశాను: "ఆదివారం మాత్రం రాను సేటు, చర్చి ఉంటది."

"పెండ్లిళ్లన్ని ఆదివారమే పెట్టుకుంటరు గద రూతమ్మా."

"పెట్టుకోనీ. నేను రాను."

ఆయన నవ్వారు. "నాకు శనివారం ఉపాసం, నీకు ఆదివారం ప్రార్థన. మన దేవుళ్లిద్దరు సెలవులు మంచిగ పంచుకున్నరు."

"దేవుడు ఒక్కడే సేటు."

"అట్లనా. మరి ఒక్కడైతే ఒక్కటే సెలవు. ఏది కావాలెనో మీరు మీరు మాట్లాడుకొని చెప్పున్రి."

ఆ పోట్లాట మా మధ్య చివరిదాకా నడిచింది. ఆదివారం సెలవు మాత్రం ఏనాడూ ఆగలేదు.

అది గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం. మా వైపు పొలాలు ఒక్కొక్కటే ఫాంహౌస్‌లవుతున్నాయి. మొయినాబాద్‌లో అలాంటి ఒక ఫాంహౌస్‌లో మాధవి మేడం ఉండేవారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, నేతచీరలు తెప్పించి ఇంటర్నెట్‌లో అమ్మేవారు. కొనేవాళ్లు చీరను ముట్టుకోరు, ఫోటో చూసి కొంటారు. చేతికి వచ్చిన చీర ఫోటోలోని రంగులో లేకపోతే వెనక్కి పంపేస్తారు. ఒకసారి పంపినవాళ్లు మళ్లీ కొనరు. అందుకే ఆమె సేటుతో ఒకమాట ఖచ్చితంగా చెప్పారు. "ఫోటో తీస్తుండగానే నేను పెద్ద తెర మీద చూడాలి. చీరను పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి." అంటే కెమెరాకు తీగ తగిలించి, తీసిన ప్రతి ఫోటో అప్పటికప్పుడే లాప్‌టాప్‌లో కనిపించేలా పనిచేయాలి. మాకు లాప్‌టాప్ లేదు.

కొనడానికి సికింద్రాబాద్ వెళ్లాం. సేటు తమ్ముడి దుకాణం నుంచి ఒక చీర సంచిలో పెట్టుకొచ్చారు. నెమలికంఠం రంగు ఒళ్లు, మామిడిపండు రంగు అంచు. ముందురోజే దాన్ని ఫోటో తీసి ఉంచాం. ప్రతి దుకాణంలో ఆ ఫోటోను లాప్‌టాప్ మీద తెరిపించి, చీరతో పోల్చడానికి లాప్‌టాప్‌ను గుమ్మం దగ్గరికి పట్టుకు రమ్మనేవారు. బట్టల దుకాణాల పద్ధతి అది. తెలివైన కొనుగోలుదారు చీరను లైట్ల కింద నమ్మడు, వాకిట్లోకి తీసుకెళ్లి ఎండ వెలుతురులో చూస్తాడు.

"సారు, మీరు లాప్‌టాప్ కొంటున్నరా, చీర కొంటున్నరా?" అన్నాడు దుకాణదారు.

"రెండింటికి పరీక్ష ఒకటే భయ్. వాకిట్ల నిలవనిది ఇంట్ల నిలవదు." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నారు: "గిది మన తరాజు రూతమ్మా. కెమెరా ఏం తీసినా, మనం తూచేది గీ తెర మీదనే. తరాజు దొంగదైతే మనం ఎంత నిజాయితీగ తూచినా దొంగలమే."

నా మనసు ఎక్కడికో పోయింది. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సండే స్కూల్లో కంఠతా పట్టినదాన్ని. ఆ మాటకు అర్థం కంప్యూటర్ల దుకాణం గుమ్మంలో దొరుకుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన ఎంచినది అద్దంలా మెరిసే తెర. చూడగానే కళ్లు లాగేసే రంగులు. కానీ నాకు అది నీలంగా కనిపిస్తోంది. తెల్లని గోడ కూడా లేత నీలంగా ఉంది. మామిడిపండు అంచు పచ్చిదనానికి తిరిగింది. కొంచెం పక్కకు జరిగి చూస్తే ఇంకో రంగు. చెప్పాను.

"నాకు మంచిగనే కనబడుతున్నది" అన్నారు.

"లేదు సేటు. చాలా నీలముంది."

ఆయన చీర మడిచి సంచిలో పెట్టి, బయట చాయ్ బండి దగ్గరికి నడిచారు. చాయ్ చల్లారిపోయాక చెప్పారు. "మోతిబిందు వచ్చింది రూతమ్మా, రెండు కండ్లల్ల పొర. ఏడాదాయె. తెల్లది పసుపుగ కనబడుతది. నీలం తేడా తెలుస్తలేదు. ఇంట్ల గూడ చెప్పలే."

"ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా."

"మా బాపుకు చేసిన్రు. ఉన్న కన్ను గూడ పోయింది." అది పాతకాలం మాట అని నేను చెప్పబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. రంగులు కనబడని ఫోటోగ్రాఫర్‌కు ఎవరు పని ఇస్తారు? ఆయనకు ఇల్లు గడవక కాదు, అన్నదమ్ములు ఉన్నారు. కెమెరా లేకపోతే ఆయన ఎవరన్నది ఆయనకే తెలియదు.

"ఇగ రంగు నువ్వు చెప్పు, నేను తీస్త" అన్నారు.

చివరికి నేను చూపించినది తెచ్చుకున్నాం. మెరుపు లేని తెర, ఎటువైపు నుంచి చూసినా రంగు మారదు. బరువు, పైగా పాత మోడల్. మొయినాబాద్‌లో మొదటిరోజే అది మమ్మల్ని ఏడిపించింది. ఒక ఫోటో తెర మీదకు రావడానికి ఎంతసేపు పట్టేదంటే మాధవి మేడం మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చేవారు. ర్యామ్ పెంచాం. అది చాలక, ఆ తర్వాత హార్డ్ డిస్క్ తీయించి వేగమైన కొత్తరకం డిస్క్ వేయించాం. తీగ కాలికి తగిలి ఊడిపోతుంటే సేటు పాత చీర అంచు పీలికతో దాన్ని బల్లకాలికి కట్టేశారు. కొత్తది కొనడం తేలిక, ఉన్నదాన్ని పనికి తెచ్చుకోవడం చదువు అనేవారు.

అప్పటినుంచి ప్రతి చీరకూ అదే ప్రశ్న. "ఏం రంగు?" ఎరుపు అంటే ఒప్పుకునేవారు కాదు. "ఎరుపు లోకంల వెయ్యి ఉన్నయి. ఎట్ల ఎరుపు?" ఎండుమిర్చి తొడిమ దగ్గరి ఎరుపు అనాలి, దానిమ్మ గింజ అనాలి, చల్లారుతున్న బొగ్గు అంచు అనాలి. ఆ మాటను బట్టి ఆయన దీపం జరిపేవారు, తెర మీది రంగు నాచేత సరిచేయించేవారు. నా నోటిమాట మీద ఆయన చేతులు కదలడం చూస్తే నాకు భయం వేసేది. పొద్దున బస్సులో చిల్కూరు దాటుతూ, నా కళ్లు తప్పు చెప్పకుండా చూడమని ప్రార్థన చేసుకునేదాన్ని.

ఒకరోజు మాధవి మేడం చీర చేతిలో పట్టుకుని తెర ముందు నిలబడ్డారు. "సేటు, ఈ వంకాయ రంగు మీకు సరిగ్గానే కనిపిస్తోందా?"

ఆయన అవునంటే అబద్ధం. అప్పుడు ఆమె నన్ను అడిగితే నేను నిజమే చెప్పాలి, ఆయన పని పోతుంది. నేను అబద్ధం ఆడనని ఆయనకు తెలుసు.

సేటు నా వైపు ఒక్కసారి చూశారు. "నాకు కనబడదు మేడం" అన్నారు. "కండ్లల్ల పొర వచ్చింది. రంగు గీ పిల్ల చూస్తది. ఇన్ని దినాలు చూసింది గీమెనే."

మేడం చీర తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లారు. లాప్‌టాప్‌ను తీగతో సహా అటు తిప్పమన్నారు. చాలాసేపు చూశారు. తిరిగొచ్చి, "అయితే ఇకనుంచి రంగు ఆమెనే అడుగుతాను. మీరు మాత్రం ఆ కళ్లు చూపించుకోండి. చూపించుకునేదాకా వెలుతురు మీది, రంగు ఆమెది" అన్నారు.

ఇంటికి వస్తూ బస్సులో అడిగాను: "ఎందుకు చెప్పేసిన్రు సేటు?"

"నేను చెప్పకుంటె నువ్వు చెప్తువు. చెప్పి ఇంటికి పోయి ఏడ్తువు. గదెందుకు?"

ఆ మాట బయటపడ్డాక ఆయనలో భయం కూడా కొంత వదిలింది. రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది. దేవుని దయవల్ల చూపు బాగా వచ్చింది. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లు ఫోటోలు కూడా నేనే తీశాను. నల్లద్దాలు తీసేశారని తెలిసి, అవన్నీ చూపిద్దామని లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఏంది సేటు?"

"ఏం లేదు. ఏడాది నుంచి నువ్వు పసుపు రాసుకొని వస్తున్నవనుకున్న. కిరస్తానీ పిల్ల పసుపెందుకు రాసుకుంటదని అడుగుదామనుకొని, మర్యాద కాదని ఊకున్న."

సేటమ్మ లోపలినుంచి నవ్వింది. నేనూ నవ్వి, లాప్‌టాప్ తెరవబోయాను. ఆయన మూత మీద చెయ్యి పెట్టారు.

"వద్దు. చీరలు అమ్ముడు పోయినయి గద?"

"పోయినయి."

"అయితే ఇప్పుడు చూసుడేంది. కనబడనప్పుడు నమ్మిన. కనబడంగనే పరీక్ష పెడితె అది నమ్ముడు కాదు, బాకీ వసూలు." ఆ ఫోటోలను ఆయన చివరిదాకా చూడలేదు.

చూడకుండా నమ్మడం ఎంత ధన్యమో మా సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, పిల్లలకు చెప్పాను కూడా. అవన్నీ నమ్మేవాడి వైపు నుంచి విన్నవే. అలా నమ్మకం పొందినవాళ్ల భుజం మీద ఎంత బరువుంటుందో మాత్రం శనివారాలు ఉపవాసముండే ఒక సేటు దగ్గరే నేర్చుకున్నాను. నా మీద దేవుడు ఏపాటి నమ్మకం పెట్టి నన్ను ఈ లోకంలో ఉంచాడో అప్పటినుంచే కాస్త అర్థమవడం మొదలైంది. ఇప్పుడు నా తెర మంచిది, యంత్రం వేగమైనది. అయినా, నా మాట విని చేతులు కదిపే మనిషి ఒకరు ఎదురుగా కళ్లు మూసుకుని ఉన్నట్టే, రంగు పేరు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాను.